కడుపుతో ఉన్నప్పటి తిండి, బాలింత పథ్యం, బిడ్డ కాలేయం

అందరికీ నమస్కారం. చెన్నైలోని మన తెలుగిళ్ళలో కడుపుతో ఉన్న అమ్మాయికి ‘ఇద్దరి తిండి తినాలమ్మా’ అంటూ కొసరి కొసరి వడ్డిస్తారు. కాన్పు కాగానే అదే అమ్మాయి చేత పథ్యం పేరుతో కూరలు, పండ్లు మాన్పిస్తారు. కాలేయం సంగతి చూస్తే ఈ రెండూ తలకిందులే.

తల్లి రక్తంలోని గ్లూకోజ్ మావిని దాటి బిడ్డకు చేరుతుంది, ఆమె ఇన్సులిన్ చేరదు. తల్లికి షుగర్ పెరిగితే బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, మిగులు చక్కెర కొవ్వవుతుంది. చర్మం కింద కొవ్వు బాగా చేరేది చివరి మూడు నెలల్లోనే. అంతకుముందు దానికి అక్కడ చోటు తక్కువ, అందుకే కొంత కాలేయంలో పేరుకుంటుంది. ఊబకాయం, గర్భిణీ షుగర్ రెండూ ఉన్న తల్లుల పసికందుల్లో ఎమ్మారై దీన్ని చూపించింది.

ఈ గర్భిణీ షుగర్‌ను కనిపెట్టడానికి చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య ప్రచారంలోకి తెచ్చిన పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ 300 మి.లీ. నీళ్ళలో కలిపి పది నిమిషాల్లోపు తాగాలి. రెండు గంటలకు రక్తంలో షుగర్ 140 లేదా ఆపైన ఉంటే గర్భిణీ షుగర్ ఉన్నట్టే. అరగంటలోపు వాంతైతే మర్నాడు మళ్ళీ చేయించాలి. మొదటిసారి బాగుందని 24–28 వారాల్లో చేయించాల్సింది ఎగ్గొట్టకండి. మావి హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వనిది అప్పుడే.

మరి ఎంత తినాలి? అదనంగా కావలసింది రోజుకు 350 కేలరీలే. పావు లీటరు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలతో అది తీరిపోతుంది, 20 గ్రాముల ప్రోటీన్ కూడా అందుతుంది. చిక్కంతా అన్నంతోనే: పప్పులోకి ఒకసారి, చారులోకి ఒకసారి, పెరుగులోకి ఇంకోసారి. అన్నం ఒక్కసారే పెట్టుకుని మూడింటికీ సర్దుకోండి, పప్పూ కూరా రెట్టింపు వేసుకోండి. నెయ్యిని తిట్టేవాళ్ళు చక్కెర కలిపిన జ్యూస్‌ను వదిలేస్తారు, అదే నాకు వింతగా ఉంటుంది.

గుడ్డు పచ్చసొన పారేయకండి. కాలేయం నుంచి కొవ్వును బయటికి పంపే కోలిన్ అందులోనే ఉంది. రక్తం పడుతుందని కార్జం వేపుడు మాత్రం వద్దు. విటమిన్ ‘ఎ’కు రోజుకు 3000 మైక్రోగ్రాములు హద్దు. 100 గ్రాముల పొట్టేలు కార్జంలో దానికి రెట్టింపుకు పైగా ఉంటుంది, తొలి నెలల్లో అది బిడ్డకు అవకరం తేగలదు. బూజు పట్టిన, ముడతలు పడ్డ, చేదెక్కిన పల్లీలు ఏరి పారేయండి. వాటిలోని అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం. వేయించినా పూర్తిగా పోదు, చనుబాలలోకీ వస్తుంది.

కాన్పయ్యాక తొలి ఆరు నెలలూ అదనంగా 600 కేలరీలు కావాలి. కారప్పొడి, నెయ్యి, అన్నంతో కేలరీలొస్తాయి గానీ చాలినంత ప్రోటీన్ రాదు. పప్పు, ఆకుకూర, పెరుగు ఆపనక్కర్లేదు, దాహానికి నీళ్ళూ ఆపకూడదు. బాలింతకు బెల్లంతో చేసి పెట్టే కాయం మందు చిన్న ఉండ చాలు. గర్భిణీ షుగర్ వచ్చినవాళ్ళు అందులోని బెల్లాన్ని లెక్కలో వేసుకోవాలి, ఆరు వారాలకు షుగర్ పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. ఆరు నెలలు దాటి పాలిచ్చిన తల్లుల్లో తర్వాతి కాలంలో ఫ్యాటీ లివర్ తక్కువగా కనిపించింది.

ఇక పచ్చకామెర్లు. తల్లి పసుపు, పప్పు తింటే బిడ్డకు వస్తాయన్నది అపోహ. బిడ్డ కాలేయం ఇంకా పక్వం కాకపోవడం, పాలు చాలకపోవడం మామూలు కారణాలు. తల్లికి పథ్యం, బిడ్డకు పసరు మందు అంటూ రోజులు గడపకండి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, రెండు వారాలు దాటినా తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. రోజూ గుడ్డ విప్పి చూడండి: మలం ముగ్గుపిండిలా తెల్లగా ఉండి, మూత్రం పసుపు మరక చేస్తుంటే, కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తెచ్చే పిత్తనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అదే అయితే 60 రోజుల్లోపు ఆపరేషన్ జరిగితేనే ఫలితం బాగుంటుంది.