చిన్న ఏఆర్ఎమ్ బోర్డ్‌లో లినక్స్ బూట్ అవ్వట్లేదా? కార్డ్ ఫార్మాట్ కొట్టే ముందు ఇది చూడండి

హాయ్ అండీ అందరికీ. కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేశారు, రీబూట్ కొట్టారు, అంతే... బోర్డ్ మీద పవర్ లైట్ వెలుగుతోంది గానీ మానిటర్‌లో ఏమీ లేదు, ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద లాగిన్) కూడా కనెక్ట్ అవ్వట్లేదు. ఇలాంటప్పుడు చాలామంది ఏం చేస్తారంటే ఎస్‌డీ కార్డ్ పీకేసి మళ్ళీ కొత్త ఇమేజ్ రాసేస్తారు. ఆగండి, ఆ పని చెయ్యకండి. డేటా పోతుంది, పైగా అసలేమైందో తెలీదు కాబట్టి ఇంకో అప్‌డేట్ వచ్చినప్పుడు మళ్ళీ ఇదే గొడవ.

మానిటర్‌ని నమ్ముకోవద్దు, డిస్‌ప్లే డ్రైవర్ లోడ్ అయ్యేసరికి అసలు కథ అయిపోతుంది. మనకి కావాల్సింది సీరియల్ కన్సోల్, అంటే బోర్డ్ బూట్ అవుతూ పంపే మెసేజ్‌లని వైర్ల ద్వారా ఇంకో కంప్యూటర్‌లో చదవడం. యూఎస్‌బీ టూ టీటీఎల్ అడాప్టర్ తీస్కోండి, కచ్చితంగా 3.3 వోల్ట్‌ది, 5 వోల్ట్‌ది పెడితే చిప్ పిన్ను కాలిపోయే ఛాన్స్ ఉంది. మూడే వైర్లు: గ్రౌండ్‌కి గ్రౌండ్, అడాప్టర్ టీఎక్స్‌ని (పంపే పిన్) బోర్డ్ ఆర్‌ఎక్స్‌కి (అందుకునే పిన్), ఆర్‌ఎక్స్‌ని టీఎక్స్‌కి. వీసీసీ (పవర్) వైర్ అలా గాల్లో వదిలేయండి, బోర్డ్‌కి దాని పవర్ దానికుంది కదా. స్పీడ్ చాలా బోర్డులకి 115200, రాక్‌చిప్ వాటికి మాత్రం ఎక్కువగా 1500000 ఉంటుంది. తెర మీద పిచ్చి పిచ్చి అక్షరాలొస్తే కంగారు పడకండి, చాలావరకు వైరింగ్ కరెక్టే, స్పీడ్ ఒక్కటి మార్చుకుంటే చాలు.

ఇప్పుడు పవర్ ఇద్దాం. చూడాల్సింది ఒక్కటే, లాగ్ ఎక్కడ ఆగింది?

అసలు ఒక్క లైన్ కూడా రాలేదనుకోండి, పాపం కెర్నల్ తప్పేం లేదు, అక్కడిదాకా వెళ్ళనే లేదు. కార్డో, పవరో, బూట్‌లోడరో (కెర్నల్‌ని లోడ్ చేసే చిన్న ప్రోగ్రామ్) చూస్కోవాలి. ఈ బూట్‌లోడర్ చాలా బోర్డుల్లో ఫైల్ రూపంలో ఉండదు, ఆల్‌విన్నర్ చిప్ అయితే కార్డ్ మొదట్నుంచి 8 కేబీ దగ్గర, పార్టిషన్లకి బయట కూర్చుంటుంది, అందుకే పార్టిషన్లు మాత్రమే ఇంకో కార్డ్‌లోకి కాపీ చేస్తే అది బూట్ అవ్వదు.

ఇక యూ-బూట్ (బూట్‌లోడర్ పేరు) వచ్చింది, స్టార్టింగ్ కెర్నల్ అని పడింది, ఆ తర్వాత నిశ్శబ్దం అనుకోండి. ఇక్కడ కన్సోల్ పేరు తప్పైనా ఉండాలి, డివైస్ ట్రీ ఫైల్ (బోర్డ్‌లో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పేది) వేరే బోర్డ్‌దైనా ఉండాలి. బూట్ లైన్‌లో (కెర్నల్‌కి ఇచ్చే సెట్టింగుల లైన్) ఎర్లీకాన్ (మొదట్నుంచే మెసేజ్‌లు చూపించే ఆప్షన్) అని యాడ్ చేసి చూడండి, కెర్నల్ బతికుంటే చాలావరకు ఏదో ఒకటి మాట్లాడుతుంది.

మన బోర్డ్ మాత్రం ఇంకా ముందుకెళ్ళింది, చూడండి, కెర్నల్ పానిక్ (ముందుకెళ్ళలేక ఆగిపోవడం), రూట్ (సిస్టమ్ ఫైళ్ళున్న పార్టిషన్) మౌంట్ చెయ్యలేకపోయా, అంటే తెరవలేకపోయా అంటోంది. చివర్లో అన్‌నోన్ బ్లాక్ అని బ్రాకెట్‌లో రెండు నంబర్లున్నాయే, అసలు విషయమంతా వాటిలోనే ఉంది. 179, 2 అని ఉంటే 179 అంటే ఎంఎంసీ కార్డ్, పార్టిషన్ దొరికింది గానీ ఫైల్‌సిస్టమ్ తెరవలేకపోయింది, కార్డ్‌ని ఇంకో లినక్స్ మెషీన్‌లో పెట్టి, మౌంట్ చెయ్యకుండా ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ చెక్ చేసే కమాండ్) రన్ చెయ్యాలి. మనకొచ్చింది 0, 0. అంటే మీరు చెప్పిన పేరుతో డివైసే లేదంటోంది.

కొంచెం పైకి స్క్రోల్ చేద్దాం. ఉన్న పార్టిషన్ల లిస్ట్ కెర్నలే ప్రింట్ చేసింది, చాలామంది ఇది చూడకుండా దాటేస్తారు. లిస్ట్ ఖాళీగా ఉంటే కార్డ్ డ్రైవర్ లోడ్ అవ్వలేదు, ఇనిట్‌ఆర్‌డీ (రూట్ దొరికేలోపు కెర్నల్ వాడుకునే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) సంగతి చూడాలి. ఇక్కడ ఖాళీగా లేదు, ఎంఎంసీ బ్లాక్ 0 పీ2 అని ఉంది, బూట్ లైన్‌లో మనం అడిగిందేమో ఎంఎంసీ బ్లాక్ 1 పీ2. దొరికింది! ఈ బోర్డ్‌లో ఈఎంఎంసీ (బోర్డ్ మీదే ఉండే స్టోరేజ్) కూడా ఉంది, కొత్త కెర్నల్ రెండిటికీ నంబర్లు తారుమారుగా ఇచ్చింది, కార్డ్ మాత్రం శుభ్రంగా ఉంది. ఇంకో మాట, మీ బూట్ లైన్‌లో రూట్‌వెయిట్ అనే ఆప్షన్ ఉంటే ఈ పానిక్ రాదు, రూట్ డివైస్ కోసం వెయిటింగ్ అని అలాగే కూర్చుంటుంది, జబ్బు మాత్రం అదే.

కార్డ్ తీసి ఇంకో మెషీన్‌లో పెట్టి, బీఎల్‌కే‌ఐడీ అనే కమాండ్ కొట్టి, రూట్ పార్టిషన్ పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్‌కి ఉండే గుర్తింపు నంబర్) కాపీ చేస్కోండి. బూట్ ఫోల్డర్‌లో ఎక్స్‌ట్‌లినక్స్ డాట్ కాన్ఫ్ (బూట్ లైన్ ఉండే ఫైల్) తెరిచి, అపెండ్ లైన్‌లో రూట్ దగ్గర పాత పేరు తీసేసి ఈ పార్ట్‌యూయూఐడీ పెట్టండి. రాస్‌బెరీ పై అయితే సీఎండీలైన్ డాట్ టీఎక్స్‌టీ, అందులో అంతా ఒకే లైన్‌లో ఉండాలి, ఎంటర్ కొట్టొద్దు. మామూలు యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్‌కి ఉండే నంబర్) ఎందుకు పెట్టకూడదు అంటారేమో, అది ఇనిట్‌ఆర్‌డీ ఉంటేనే పనిచేస్తుంది, పార్ట్‌యూయూఐడీని కెర్నల్ సొంతంగా అర్థం చేస్కుంటుంది.

కార్డ్ తీసే ముందు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ చెయ్యాలో చెప్పే ఫైల్) కూడా ఓ చూపు చూడండి. అక్కడ పాత పేరు మిగిలిపోతే కెర్నల్ హాయిగా బూట్ అయి, ఆ పార్టిషన్ కోసం సిస్టమ్‌డీ (కెర్నల్ తర్వాత సిస్టమ్‌ని నడిపించే ప్రోగ్రామ్) 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది. అదీ మార్చేశాం, సేవ్, అన్‌మౌంట్, కార్డ్ బోర్డ్‌లో పెట్టి పవర్ ఆన్... ఇదిగో లాగిన్ వచ్చేసింది.