ఘాటు అనుకున్నాను

అందరికీ నమస్కారం. మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, మీకు కనిపిస్తూనే ఉంటుంది. దాచను. ఇవాళ మాట్లాడేదే దాని గురించి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. సీజన్లో టిక్కీల మధ్య, అంటే మిర్చి బస్తాల మధ్య, కొత్తవాళ్లు పది నిమిషాలు నిలబడలేరు. తుమ్ములు, దగ్గు, కళ్లనీళ్లు. మాకు అలవాటే. అందుకే మొన్న సీజన్లో కాటా దగ్గర ఊపిరి ఆడనట్టు అయితే, తేజ రకం ఘాటు అనుకుని ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాను. ఆ ఆదివారం బ్రాడీపేటలో మా ఇంట్లో, ఫ్యాను కింద పేపరు చదువుతుంటే మళ్లీ అదే. గుండె దడదడ, అరచేతుల్లో చెమట, వేళ్లు తిమ్మిరి. ఇంట్లో ఉన్న మిరపకాయలల్లా పోపులో వేసిన రెండే!

పోతున్నాననే అనుకున్నాను. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్ష అన్నీ బాగున్నాయి. ఒకచోట గ్యాస్ అన్నారు. నెల రోజులు గ్యాస్ మాత్రలు మింగాను.

చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఏడు ప్రశ్నల కాగితం ఇచ్చారు. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా ఉంది, ఆందోళన ఆపుకోలేకపోయారా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా, మొత్తం 21. లెక్కలవాణ్ణి కదా, ఆవిడ కన్నా ముందే కూడేశాను. 16. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలట. కాగితంతోనే తేల్చేయలేదు, చాలాసేపు అడిగి, యాంగ్జైటీ డిజార్డర్, అంటే ఆందోళన జబ్బు అని రాశారు.

పేరు దొరికింది, హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య మెట్లు దిగేదాకానే. మా వీధి మెడికల్ షాపులో చీటీ చూపించలేక అరండల్‌పేట దాకా నడిచాను. మాత్రలు తెచ్చి గ్యాస్ మాత్రల డబ్బాలో దాచాను. మూడో రోజుకి మా ఆవిడ పసిగట్టింది. ఏమీ అనలేదు. రాత్రి మంచినీళ్ల గ్లాసు పక్కన ఆ స్ట్రిప్పు పెట్టి పడుకుంది.

బంధువులందరిదీ ఒకటే మాట, "టెన్షన్ పడకు బావా". అంటే ఆగిపోయేదైతే, ఆ మాట మొదట అన్నవాడికి లాడ్జి సెంటర్లో విగ్రహం పెట్టేవాళ్లం. నాకు పనికొచ్చింది డాక్టరు చెప్పిన లెక్క. కుక్క వెంటపడితే పరిగెత్తడానికి ఒళ్లు సిద్ధమవుతుంది కదా, అదే ఇది, కుక్క లేకుండా. భయంతో ఊపిరి మరీ వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయట, కళ్లు తిరుగుతాయట. తిమ్మిరికి కారణం తెలిశాక దానికి భయపడటం తగ్గింది.

మాత్ర సంగతిలో ఒక తప్పు చేశాను. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. మొదట్లో వికారం, కంగారు ఇంకాస్త పెరిగేసరికి తొమ్మిదో రోజున నా అంతట నేనే మానేశాను. బాగా చీవాట్లు తిన్నాను. నిద్రకని ఇచ్చిన ఇంకో మాత్రను మాత్రం, అలవాటవుతుందని, డాక్టరే రెండు వారాల తర్వాత మెల్లగా తగ్గించి ఆపించారు. రోజుకి ఏడెనిమిది టీలు తాగేవాణ్ణి, ఇప్పుడు రెండు.

అసలు కష్టం వేరే ఉంది. జబ్బు సంగతి తెలిశాక మా యజమాని, "కాటా దగ్గరికి రావద్దు, నువ్వు కొట్లోనే కూర్చో" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ మంచితనమే నన్ను ముంచింది. మొదట కాటా మానేశాను, తర్వాత యార్డు, తర్వాత విజయవాడ బస్సు. కృష్ణ వారధి మధ్యలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దిగి ఎటు పోను అని భయం. మేనకోడలి నిశ్చితార్థానికి నేను లేను. తప్పించుకున్న ప్రతిసారీ ఆ పూటకి హాయిగానే ఉండేది, మర్నాటికి భయం ఇంకో అడుగు ముందుకొచ్చేది.

భయపడి మానేసినవాటికి ఒక్కొక్కటిగా మళ్లీ వెళ్లేలా కౌన్సెలర్ కాగితం మీద మెట్లు గీయించారు. మొదటి మెట్టు యార్డు గేటు. అక్కడ నిలబడాలి, భయం పెరిగిందని వచ్చేయకూడదు. చిట్టా పుస్తకం వెనక పేజీలో పదికి ఎంత భయమో రాసుకున్నాను. 8, 8, 9. తొమ్మిది దగ్గర కాళ్లు ఇంటివైపు తిరిగాయి. తెలిసిన హమాలీ ఒకతను, "ఏం గుమాస్తా గారూ, లారీ కోసమా?" అన్నాడు. అవునన్నాను. అబద్ధం చెప్పాక వెంటనే వెళ్లిపోతే బాగోదని నిలబడ్డాను. 7. తర్వాత 5. పది రోజులకి కాటా దాకా వెళ్లాను. తుమ్మాను కూడా, అది మాత్రం నిజంగా ఘాటే.

డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, 2022లో మొదలైంది. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బీమా గురించి ఇందాక ఒకరు అడిగారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బుల్నీ ఒంటి జబ్బులతో సమానంగానే చూడాలి. పాలసీ కాగితం ఒకసారి చదువుకోండి.

వచ్చే ఆదివారం మేనకోడలి పెళ్లి, విజయవాడలో. మా బావమరిది కారు పంపుతానన్నాడు, వద్దన్నాను. బస్సులోనే వెళ్తాను. చిట్టా పుస్తకం జేబులో ఉంటుంది. వారధి మీద బస్సు ఆగితే, అంకెలు రాసుకుంటూ కూర్చుంటాను.