ఎక్స్ఛేంజ్‌లో వెళ్లి మందుల షాపులో నిలబడితే ఏం వస్తుంది? టర్కీలోని ఇజ్మీర్‌లో నా నెల రోజులు | రివ్యూ

నమస్తే అందరికీ. ముందు ఈ పెట్టె చూడండి, కెమెరాకి కాస్త దగ్గరగా పెడతాను. మామూలు మందు పెట్టె, లోపల ఖాళీ. పైన బాల్‌పెన్‌తో 2×1 అని, పక్కన వాళ్ల భాషలో ‘తోక్’ అని రాసుంది. మొదటి రోజు అది విని నాకు గేదె తోక గుర్తొచ్చింది. టర్కిష్‌లో తోక్ అంటే కడుపు నిండి ఉండటం. అంటే రోజుకి రెండుసార్లు, ఒక్కోటి, తిన్నాక. పరగడుపున అయితే ‘ఆచ్’ అని రాస్తారు. నేను ఉన్న షాపులో ఈ రాత లేకుండా పెట్టె కౌంటర్ దాటడం నేను చూడలేదు.

మన దగ్గర? స్ట్రిప్‌ని కత్తెరతో సగానికి కోసి, కవర్లో వేసి, ‘పొద్దున ఒకటి రాత్రి ఒకటమ్మా’ అంటాం. ఎక్స్‌పైరీ తేదీ ఏ ముక్క మీద ఉండిపోయిందో దేవుడికే తెలియాలి. అక్కడ కత్తెరే లేదు. పెట్టె పెట్టెగానే అమ్ముతారు.

సరే, విషయానికొస్తాను. ఐపీఎస్ఎఫ్ అని ఫార్మసీ విద్యార్థుల అంతర్జాతీయ సమాఖ్య ఉంది, 1949లో లండన్‌లో మొదలైంది. వాళ్లు నడిపే స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో వేరే దేశం వెళ్లి కొన్ని వారాలు పని చూడొచ్చు. హాస్పిటల్, కంపెనీ, ల్యాబ్ ఇలా రకరకాల చోట్లు ఉంటాయి. ఎక్కువమంది చిన్నచూపు చూసేది కమ్యూనిటీ ఫార్మసీని, అంటే వీధిలో ఉండే మందుల షాపుని. ‘ఆరేళ్లు ఫార్మ్ డి చదివి, విమానం ఎక్కి, మెడికల్ షాపులో నిలబడటానికా?’ అని మా నాన్న కూడా అడిగారు. ఈ వీడియో మొత్తం ఆయనకి జవాబే అనుకోండి.

టర్కీలో మందుల షాపుని ‘ఎజ్జానే’ అంటారు. బయట ఎర్రగా వెలిగే ఒక అక్షరం ఉంటుంది, వీధి చివర్నుంచే కనపడుతుంది. మనలాగా సర్టిఫికెట్ గోడకి తగిలించి మనిషి ఇంకెక్కడో ఉండటం అక్కడ కుదరదు. షాపు ఓనరే ఫార్మసిస్ట్ అయి ఉండాలి, ఒకరికి ఒకే షాపు. పైగా 2012 నుంచి సుమారు 3,500 మంది జనాభాకి ఒక షాపు చొప్పున లెక్క పెట్టారు. ఒకే సెంటర్లో పక్కపక్కనే ఆరు షాపులు డిస్కౌంట్ బోర్డులతో కొట్టుకునే సీను తక్కువ కాబట్టి, కౌంటర్ వెనక ఉన్న మేడంకి మాట్లాడే తీరిక ఉంటుంది. నేను వెళ్లింది బోర్నోవాలో, యూనివర్సిటీ ఉన్న పేట. అటు విద్యార్థులు, ఇటు రిటైర్ అయిన పెద్దవాళ్లు.

ఇప్పుడు అసలు కథ. రెండో వారంలో ఒక మామ్మగారు ప్లాస్టిక్ సంచి నిండా మందుల పెట్టెలు తెచ్చి కౌంటర్ మీద గుమ్మరించారు. మేడం వాటిని పేకముక్కల్లా పరిచింది. రెండు పెట్టెలు తీసి పక్కన పెట్టి నావైపు చూసింది. రంగులు వేరు, కంపెనీ పేర్లు వేరు. నేను తెల్లమొహం వేశాను. పెట్టె తిప్పి కింద చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. పాంటోప్రజోల్, అంటే కడుపులో యాసిడ్ తగ్గించే మందు. రెండో దాని మీదా పాంటోప్రజోల్. ఇద్దరు డాక్టర్లు రాశారు, మామ్మగారు పొద్దున్నే రెండూ మింగుతున్నారు. నాకు టర్కిష్ ఒక్క ముక్క రాదు, అయినా ఆ పది నిమిషాలు మొత్తం అర్థమైంది. మందుల జెనెరిక్ పేర్లు, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా లోపలున్న మందు అసలు పేర్లు, ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే కదా. ఫార్మకాలజీ తిట్టుకుంటూ చదివినందుకు ఆ రోజు మొదటిసారి ఆనందపడ్డాను.

వాళ్ల డాక్టరు చీటీ కూడా కాగితం కాదు, ఎక్కువగా ఫోన్లో కోడ్. ఐడీ నంబరు కొడితే ప్రభుత్వ ఇన్సూరెన్స్ సిస్టంలో తెరుచుకుంటుంది. ఉద్యోగులు మందు ధరలో 20 శాతం కడతారు, రిటైర్ అయినవాళ్లు 10 శాతం. ఖరీదైన బ్రాండే కావాలంటే పై తేడా సొంత జేబు నుంచి. ప్రతి పెట్టె మీదా చదరపు కోడ్ ఉంటుంది, అమ్మేటప్పుడు స్కాన్ చేయాల్సిందే. ఇది వాళ్లకి 2010 నుంచే ఉంది. మన దగ్గర 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. కానీ కౌంటర్లో దాన్ని స్కాన్ చేసినవాళ్లని నేనింకా చూడలేదు. మీరు చూస్తే కామెంట్లో చెప్పండి.

ఇక గొప్పలు ఆపి, బాగోలేనివి చెప్తాను.

మొదటి నాలుగు రోజులు నేను చేసింది పెట్టెలు సర్దటం, టీ తాగటం. నడుం సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసుల్లో పాలు లేని టీ, గంటకొకటి. నాకు వచ్చిన కాగితంలో హాస్పిటల్ కూడా చూపిస్తామని ఉంది, అది జరగలేదు. అడిగితే కోఆర్డినేటర్ నవ్వి ఊరుకున్నారు. ఆవిడా స్టూడెంటే, పరీక్షల టెన్షన్‌లో ఉంది, తిట్టడానికి మనసు రాలేదు. ఇదంతా విద్యార్థులు విద్యార్థుల కోసం నడిపేది. ట్రావెల్ ఏజెన్సీ సర్వీసు ఆశిస్తే నిరాశే.

రెండోది భాష. ఒక రోజు మేడం లోపల ఉంది. ఒకాయన వచ్చి ఏదో అడిగాడు, ప్రశ్నలాగా వినపడింది. నేను ధీమాగా ‘ఎవెత్’ అన్నాను, అంటే అవును అని. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. అడిగింది ఏంటంటే, ఈ రాత్రి డ్యూటీ మీ షాపుదేనా అని. అక్కడ పేటలోని షాపులు వంతులు వేసుకుని రాత్రంతా తెరిచి ఉంచుతాయి. ఆ రాత్రి ఎవరిది వంతో మిగతా షాపుల అద్దాల మీద అంటిస్తారు. మా వంతు కాదు. ఆయన రాత్రి పదకొండింటికి వచ్చి మూసిన షట్టర్ చూసి వెళ్లాడు. పక్కనే అద్దం మీద కాగితం ఉంది కాబట్టి మందు దొరికింది, నేను బతికిపోయాను. మర్నాడు వచ్చి వేలు చూపించి మరీ చెప్పాడు. అప్పట్నుంచి ‘మేడంని పిలుస్తాను’ అనే ఒక్క వాక్యం బట్టీ పట్టాను. మీరు ఏ దేశం వెళ్లినా ముందు నేర్చుకోవాల్సింది అదే.

మెసేజుల్లో ఎక్కువగా వచ్చే ప్రశ్న: ‘అక్కా, దీంతో అక్కడ జాబ్ వస్తుందా?’ రాదు. లైసెన్స్ పరీక్షలు వేరు, వాటికీ దీనికీ సంబంధం లేదు. ఇంటర్న్‌షిప్ కింద లెక్కేస్తారా? అలా అనుకుని టికెట్ కొనకండి, ముందు మీ కాలేజీలో రాతపూర్వకంగా అడగండి. జీతం ఇస్తారా? లేదు. విమానం, వీసా, ఇన్సూరెన్స్ మన ఖర్చే. పైన ఎక్స్ఛేంజ్ ఫీజు ఉంటుంది. బస, భోజనం ఒక్కో దేశంలో ఒక్కో రకం, ఏది వాళ్లది ఏది మనది అని ఒప్పుకునే ముందే మెయిల్‌లో తేల్చుకోండి. అప్లై చేయాలంటే మన దేశంలో ఇండియన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ స్టూడెంట్స్ ఫోరం ద్వారా వెళ్లాలి. వాళ్ల వేసవి సెలవులు మన సెమిస్టర్ మధ్యలో పడతాయి, అటెండెన్స్ చూసుకోండి.

నా రేటింగ్? నేర్చుకున్నదానికి పదికి ఎనిమిది, ఏర్పాట్లకి ఐదు, టీకి తొమ్మిది. ఒక షరతు. వెళ్లే ముందు మీ వీధిలో మెడికల్ షాపులో అన్నని బతిమాలి రెండు వారాలు నిలబడండి. షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ చూడండి, అంటే కొన్ని యాంటీబయాటిక్‌ల లాంటి మందులు ఎవరికి అమ్మారో రాసిపెట్టే పుస్తకం. యాంటీబయాటిక్ ఎవరికి అమ్ముతున్నాడో, చీటీ లేకుండా ఎవరికి ఇస్తున్నాడో చూడండి. మన కౌంటరే చూడకుండా వెళ్తే అక్కడ ఏది తేడాగా ఉందో కంటికి ఆనదు. నాకు ఆ కత్తెర లేదని తట్టింది ఇక్కడ కత్తెర పట్టుకున్నాను కాబట్టే.

అన్నట్టు, మందు చేతికిచ్చేటప్పుడు మేడం ప్రతి మనిషికీ ‘గెచ్మిష్ ఒల్సున్’ అనేది. ఈ బాధ గడిచిపోవాలి అని. బిల్లు ఇచ్చినా, చిల్లర ఇచ్చినా, చివర అదే మాట.

వీసా కాగితాల మీద వేరే వీడియో వస్తుంది. ఈలోగా పాథోఫిజియాలజీ బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లందరికీ, గెచ్మిష్ ఒల్సున్. ఉంటాను మరి.