చూడ్డానికేమీ లేని చోటు

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నంలో కాపురం ఉండేవాళ్ల ఇళ్లకి దసరా సెలవుల నుంచి సంక్రాంతి వెళ్లేదాకా చుట్టాల రాకకి లోటుండదు. సముద్రం ఉన్న ఊళ్లో ఇల్లు కట్టుకున్నందుకు కట్టే పన్ను అనుకోండి. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకముందే అడిగే మాట ఒక్కటే, "బీచ్ ఎంత దూరం?"

పోయిన డిసెంబరులో కరీంనగర్ నుంచి మా అత్తగారి వైపు వాళ్లు వచ్చారు. మా తోడల్లుడు, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. అత్తయ్యకి డెబ్బై దాటాయి. అప్పటిదాకా సముద్రం చూడలేదు. తోడల్లుడు మాత్రం బాగా తయారై వచ్చాడు. ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ ఎంతసేపు నిలబడాలో అన్నీ ఫోన్‌లో రాసుకున్నాడు. నేను ఈ ఊరివాడినన్న సంగతి ఆయన పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి రోజు ఆదివారం. సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లాం. రామకృష్ణ మిషన్ ఆశ్రమం పక్కన ఉండబట్టే దానికి ఆ పేరు. మా ఊరికి వచ్చినవాళ్లు చూసి తీరాల్సినవి చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. కాళికాలయం, విశాఖ మ్యూజియం, 1971 యుద్ధ స్మారకం, ఇసుకలో నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి. ఈ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. మరుసటి ఏడాదే మ్యూజియం అయింది. దానికి ఎదురుగా టీయూ 142 యుద్ధవిమానం. పిల్లలకి అవి రెండూ తెగ నచ్చాయి. నచ్చకేం, నాకు ఇప్పటికీ ఆ జలాంతర్గామిలోకి తల వంచుకుని వెళ్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. అంత ఇరుకులో నెలల తరబడి మనుషులు ఎలా బతికారా అనిపిస్తుంది.

కానీ అత్తయ్య సంగతి వేరు. మోకాళ్ల నొప్పులు. ఇసుకలో నాలుగడుగులు వేసి గోడ మీద కూర్చుంది. ముందు మురీ మిక్చర్ బండ్లు, మొక్కజొన్న పొత్తులు కాల్చే పొగ, బెలూన్లు పేల్చే తుపాకుల చప్పుడు, గుర్రం ఎక్కమని పిల్లల వెంటపడేవాళ్లు, సెల్ఫీలు, ఈలలు, వెనకాల రోడ్డు మీద హారన్లు. కాసేపు అటూ ఇటూ చూసి నన్ను పిలిచింది.

"అల్లుడా, సముద్రమేది? నాకు మనుషులే కనబడ్తున్నరు."

నేను నవ్వేశాను గానీ రాత్రి పడుకున్నాక ఆ మాట గుర్తొచ్చింది. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా ఉంటూ డెబ్బై ఏళ్ల మనిషికి సముద్రం చూపించలేకపోయానే అనిపించింది. మర్నాడు మిగతావాళ్లు అరకు రైలు ఎక్కారు. బొర్రా గుహల్లో అన్ని మెట్లు అత్తయ్య ఎక్కలేదు కాబట్టి ఆమె ఆగిపోయింది. సాయంత్రం మూడున్నరకి ఆటో పిలిచి తెన్నేటి పార్కుకి అన్నాను.

ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద వెళ్తుంటే ముందు వుడా పార్కు వస్తుంది. ఇప్పుడు వీఎంఆర్‌డీఏ అనాలట, మా నోటికి ఇంకా రాలేదు. లాసన్స్ బే కాలనీ, అప్పుఘర్ దాటాక ఎడమ చేతి వైపు కైలాసగిరి కొండ రోడ్డుని సముద్రంలోకి నెట్టేస్తున్నట్టు దగ్గరికి వచ్చేస్తుంది. జోడుగుళ్లపాలెం దగ్గర, ఆ కొండకీ నీళ్లకీ మధ్య మిగిలిన వాలు నేలే తెన్నేటి పార్కు. కైలాసగిరికి వెళ్లే జనం తలెత్తి పైన శివపార్వతుల విగ్రహాల కోసం చూస్తూ రోప్‌వే గురించి ఆలోచిస్తూ పోతారు. కుడి పక్కకి తిరిగి చూసేవాళ్లు తక్కువ. తిరిగినా లోపల పచ్చిక, బెంచీలు, చెట్లు, కిందికి దిగే మెట్లు. అంతే. ఫోటో కింద పేరు రాసుకుని పంపడానికి ఏమీ దొరకదు.

అక్కడ ప్రశాంతంగా ఉండడానికి కారణం అదేనని నా నమ్మకం. జనం చోటుని బట్టి పోరు, చూసి వచ్చామని చెప్పుకోడానికి ఏముందో దాన్ని బట్టి పోతారు.

దీనికి సాక్ష్యం కూడా ఉంది. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చిన రాత్రి, బయట సముద్రంలో లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి గాలికి కొట్టుకొచ్చి సరిగ్గా ఈ పార్కు కింది రాళ్ల మీద చిక్కుకుంది. ఎంవీ మా దాని పేరు. అందులో ఉన్న పదిహేను మందీ క్షేమంగా బయటపడ్డారు. తెల్లారేసరికి ఊరు ఊరంతా ఇక్కడే. అసలే కరోనా రోజులు, ఒకరికొకరు దూరంగా ఉండమని మైకుల్లో మొత్తుకుంటున్న కాలం. అయినా మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. మొక్కజొన్న బండి వచ్చింది, దాని పక్కన ఐస్‌క్రీమ్ బండి వచ్చింది. ఓడని హోటల్ చేస్తారన్న మాట కూడా నడిచింది. నేనూ వెళ్లానండోయ్, తప్పు ఒకరి మీద నెట్టడమెందుకు. అంత పెద్ద ఓడ ఒడ్డున ఒరిగి ఉంటే ఎవరికి చూడాలనిపించదు? కానీ ఆ రోజుల్లో నేను రోజూ కూర్చునే బెంచీ మీద కూర్చోడానికి చోటు దొరకలేదు.

ఈ పార్కుకి పేరున్న మనిషి మాత్రం నిశ్శబ్దంగా ఉన్నవాడు కాదు. తెన్నేటి విశ్వనాథం గారు స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి వెళ్లారు, ప్రకాశం గారి మంత్రివర్గంలో పనిచేశారు, 1967లో విశాఖ నుంచి లోక్‌సభకి గెలిచారు. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా గొంతు చించుకున్నప్పుడు ముందు నిలిచినవాళ్లలో ఆయన ఒకరు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. చివరికి 1970లో కేంద్రం ఒప్పుకుంది. అన్ని సభల్లో మాట్లాడిన పెద్దమనిషి పేరు ఊళ్లో ఇంత తక్కువ మాటలు వినిపించే చోటుకి పెట్టారు. ఎవరు పెట్టారో గానీ, సభ ముగిశాక ఆయన్ని కాసేపు విశ్రాంతిగా కూర్చోబెట్టినట్టుంది.

ఇక సాయంత్రం సంగతి. నాలుగింటికే అక్కడ నీడ పడిపోయింది. పడమట కొండ అడ్డం కదా, మిగతా బీచ్‌లో ఎండ చురుక్కుమంటున్నా ఇక్కడ చల్లబడిపోతుంది. ముసలివాళ్లని, చంటిపిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి ఇది పనికొచ్చే సంగతి. అదే సూర్యోదయం కావాలంటే ఏ అడ్డూ లేదు, నీళ్లలోంచి పైకి వస్తాడు. జూన్‌లో అయితే ఐదున్నర లోపే వచ్చేస్తాడు, డిసెంబరు చివర ఆరుంబావు దాటనివ్వాలి.

అత్తయ్యని పైనున్న బెంచీ మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కులో తెచ్చిన టీ ఇచ్చాను. కింద రాళ్ల మీద కెరటం విరిగినప్పుడల్లా ఆమె కప్పు నోటి దాకా తెచ్చి ఆపుతోంది.

"గిది ఎప్పుడన్నా ఆగుతదా?"

"ఆగదు అత్తయ్యా."

"రాత్రి గూడ?"

"రాత్రి కూడా."

"మా మానేరు డ్యాం గేట్లు ఎత్తిననాడు గిట్లనే సప్పుడైతది," అంది. "గాని గేట్లు దించుతరు గద."

తర్వాత చాలాసేపు ఏమీ అడగలేదు.

మెట్లు దిగి కిందికి వెళ్తే అక్కడి ఇసుక ఒక రంగులో ఉండదు. తెల్లగా మొదలై, మధ్యలో నల్లటి చారలు, అక్కడక్కడ దానిమ్మ గింజల పొడి చల్లినట్టు ఎర్రగా ఉంటుంది. ఎవరో మురికి కలిపారని చాలామంది అనుకుంటారు. అది మన తూర్పు కనుమల రాయే. ఖొండలైట్ అంటారు. అందులో ఉండే ఎర్రటి గార్నెట్, నల్లటి ఇల్మనైట్ వానలకీ గాలికీ పొడి అయి ఒడ్డుకి చేరతాయి. అవి మామూలు ఇసుక కన్నా బరువు కాబట్టి, పెద్ద కెరటం తేలిక ఇసుకని లాక్కుపోయినప్పుడు వెనక మిగిలిపోతాయి. మా అమ్మ చేటలో బియ్యం చెరిగినట్టే, తేలికది పోతుంది, బరువైనది ఉంటుంది. తుఫాను వెళ్లిన మర్నాడు వస్తే ఈ చారలు ఇంకా బాగా కనిపిస్తాయి.

రాళ్ల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తడిసి నల్లగా మెరిసే రాయి మీద కాలు పెట్టకండి. దాని మీద పాచి ఉంటుంది. పైగా కెరటాలన్నీ ఒకే ఎత్తున రావు. పది చిన్నవి వచ్చి, ఇంతేలే అని మనం ధైర్యం తెచ్చుకున్నాక ఒక పెద్దది వస్తుంది. ఓ ఆగస్టులో అలాంటి కెరటం నా కుడికాలి చెప్పు పట్టుకుపోయింది. మోచెయ్యి గీసుకుపోయింది. ఒంటి చెప్పుతో ఇంటికి వెళ్తే మా ఆవిడ దెబ్బ చూడకముందు చెప్పు ఎక్కడని అడిగింది. కొత్తవి లెండి. నేను చెప్పుతో బతికిపోయాను, అందరికీ ఆ అదృష్టం ఉండదు. ఈతకైతే అది చోటే కాదు.

జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డుకి ఇంకో రకం చుట్టాలు వస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు. రాత్రిపూట ఆడ తాబేలు ఒక్కటే ఇసుకలోకి ఈడ్చుకుంటూ వచ్చి, వెనక కాళ్లతో గొయ్యి తీసి వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. కుక్కలూ మనుషులూ వాటిని బతకనివ్వరు కాబట్టి అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్ దగ్గర కంచె కట్టిన చోట మళ్లీ పాతిపెడతారు. ఒకటిన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువ మగపిల్లలు పుడతాయట. మా వదినకి చెబితే "అయితే తాబేళ్లకి అత్తగారి పోరు లేదన్నమాట" అంది.

ఆ పిల్లలకి దారి చూపించేవాళ్లు ఎవరూ ఉండరు. ఎక్కడ వెలుతురు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి. చీకటి రాత్రి ఒడ్డున నీళ్లే కాస్త మెరుస్తాయి కాబట్టి లక్షల ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. ఇప్పుడు రోడ్డు మీద దీపాలు, హోటళ్ల దీపాలు. పిల్లలు వెనక్కి తిరిగి రోడ్డు వైపు పాకుతాయి. ఈ పార్కు దగ్గర దీపాలు పెంచాలి, బొమ్మలు పెట్టాలి, పాటలు పెట్టాలి, జనాన్ని రప్పించాలి అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. చీకట్లో భయం లేకుండా నడవడానికి దీపాలు కావాలనేవాళ్లదీ న్యాయమే, ముఖ్యంగా ఆడవాళ్లది. మెట్ల మీద కాళ్ల దగ్గర, కిందికి వంచిన దీపం చాలు కదా. సముద్రం మీదికి ఫ్లడ్‌లైటు వేసి ఎవరికి ఏం చూపిస్తాం?

ఆ రోజు ఆరు దాటాక మంచు మొదలైంది. దూరంగా, హార్బర్‌లోకి వెళ్లడానికి వంతు కోసం ఆగిన ఓడల మీద ఒక్కొక్క దీపమే వెలిగింది. కింద జోడుగుళ్లపాలెం వైపు జాలరి ఒకాయన వల దులిపి మడత పెట్టుకుంటున్నాడు. అత్తయ్య చెంగు నెత్తి మీదికి లాక్కుంది. పోదామా అంటే ఇంకో పది నిమిషాలంది. ఆ పది నిమిషాలు ముప్పావుగంట అయింది. లేచేటప్పుడు మోకాలు పట్టేసి నా భుజం మీద చెయ్యి వేసింది.

రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కాం. కుర్రాడు అద్దంలోంచి చూసి పలకరించాడు.

"పార్కు కాడ ఏటి సూసారమ్మా?"

"ఏం సూడలే బిడ్డా," అంది అత్తయ్య. "కూసున్నం."

"అక్కడ సూడ్డానికేటుందిలెండి," అని వాడు గేరు వేశాడు.