ఆల్‌బుఖారా చెట్టుకు కట్టిన దారం

సభకు నమస్కారం.

ఎర్రటోపీ పిల్ల కథ మీలో చాలామంది చిన్నప్పుడే విని ఉంటారు. అమ్మమ్మకు తినడానికి ఏదో పట్టుకెళ్తున్న పిల్లకు దారిలో తోడేలు ఎదురవుతుంది. చివర్లో వేటగాడొచ్చి దాని పొట్ట కోసి ఇద్దర్నీ బతికిస్తాడు. ఆ వేటగాడు 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథలోవాడు. (వాళ్లకు ఆ కథ చెప్పిన అమ్మాయిది ఫ్రెంచి మూలాలున్న కుటుంబమే.) అంతకు 115 ఏళ్ల ముందు, 1697లో, పారిస్‌లో షార్ల్ పెరో అచ్చువేసిన కథలో వేటగాడు లేడు. తోడేలు పిల్లను తినేస్తుంది, అంతే. కింద పద్యంలో ఒక నీతి: ఆడపిల్లలు ఎవరి మాట పడితే వాళ్ల మాట వినకూడదు, మెత్తగా మాట్లాడే తోడేళ్లే అన్నిటికంటే ప్రమాదం.

నాకు ఈ రెండింటికన్నా ప్రాణమైన కథ ఇంకొకటుంది. 1885 ప్రాంతంలో నివెర్నె అనే ఫ్రెంచి ప్రాంతంలో జానపద కథలు సేకరించే అషిల్ మిలియెఁ ఒక పల్లెటూరివాళ్ల నోట విని రాసుకున్నాడు. 1950లలో జానపద కథల పరిశోధకుడు పోల్ దెలారూ దాన్ని లోకానికి చూపించాడు.

అందులో ఎర్రటోపీ లేదు. పిల్ల వేడివేడి రొట్టె, సీసాడు పాలు తీసుకుని బయల్దేరుతుంది. నాలుగు దారుల కూడలిలో తోడేలుగా మారే మనిషి ఒకడు అడుగుతాడు: "ఏ దారిన పోతావు? సూదుల దారినా, గుండుసూదుల దారినా?" సూదుల దారినంటుంది. వాడు ముందే వెళ్లి అమ్మమ్మను చంపి, ఆమె మంచంలో పడుకుంటాడు. పిల్లచేత ఆ మాంసమే తినిపిస్తాడు. విప్పిన బట్టలు ఒక్కొక్కటే పొయ్యిలో వేయమంటాడు, "ఇక నీకు వాటితో పనిలేదు" అంటాడు. అప్పుడు పిల్లకు విషయం అర్థమవుతుంది. "అమ్మమ్మా, దొడ్లోకి వెళ్లాలి" అంటుంది. వాడు కాలికి ఉన్నిదారం కట్టి పంపిస్తాడు. పిల్ల ఆ దారాన్ని దొడ్లోని ఆల్‌బుఖారా చెట్టుకు కట్టేసి ఇంటికి పరుగెడుతుంది. వాడు వెంటపడి వచ్చేసరికి పిల్ల ఇంట్లోకి వెళ్లిపోతుంది.

ఎవరో వచ్చి కాపాడలేదు. ఆ పిల్లే తప్పించుకుంది.

సూదులూ గుండుసూదులూ ఎందుకు వచ్చాయి? పరిశోధకురాలు ఇవోన్ వెర్దియేకు జవాబు పల్లె జీవితంలోనే దొరికింది. అక్కడ ఎదిగే ఆడపిల్లను ఒక చలికాలం దర్జీ ఆవిడ దగ్గరికి పంపేవారట. గుండుసూదులు కన్నెవయసు ముచ్చట్లకు గుర్తు, సూది ఎదిగిన స్త్రీకి గుర్తు. ఆమె మాట ఒప్పుకున్నా లేకున్నా, ఇది కుట్టుపని తెలిసిన చేతుల మధ్య తిరిగిన కథ అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది కాగితం మీదికి వచ్చింది పెరో తర్వాత దాదాపు 190 ఏళ్లకు. కాబట్టి పెరో విన్నది ఇదే అనలేం. పల్లె కథల్లోనూ పిల్ల బలైపోయేవి ఉన్నాయి. అయినా సూదుల దారీ, దొడ్లో దారమూ పెరో పుస్తకంలో లేవు, ఆ పుస్తకం నుంచి పల్లెకు రావడం కష్టం.

పెరో ఒంటరిగా రాయలేదు. మదామ్ దోల్నువా లాంటి ప్రభువంశపు స్త్రీలు పారిస్ ఇళ్లలో కొలువుతీరి కథలు చెప్పుకునేవారు. ఫ్రెంచిలో ఇప్పటికీ వాడే 'దేవకన్యల కథలు' అన్న మాట ఆమె 1697 నాటి పుస్తకం పేరే. అలాంటి సభలకు పొయ్యి, దొడ్డి, మాంసం పనికిరావు. నాకు బాధంతా అక్కడే. మోటు తీసేసే తొందరలో పిల్ల తెలివి కూడా జారిపోయింది. ఆకలి మాత్రం పోలేదు. 1693–94 కరువులో ఫ్రాన్స్‌లో లక్షలమంది చనిపోయారు. మూడేళ్లకు వచ్చిన పెరో పుస్తకంలోని ఇంకో కథలో, తిండి పెట్టలేని తల్లిదండ్రులు ఏడుగురు కొడుకుల్ని అడవిలో వదిలేస్తారు.

పెరో ఒకటి మాత్రం పదిలంగా దాచాడు, గొంతు. పుస్తకం ముఖచిత్రంలో ఒక ముసలమ్మ పొయ్యి పక్కన నూలు వడుకుతూ పిల్లలకు కథ చెబుతుంటుంది. 1695 నాటి రాతప్రతిలో, 'నిన్ను తినడానికే!' అన్న మాట పక్కన అంచున ఒక సూచన ఉంది: తోడేలు తననే తినబోతున్నట్టు, కథ వింటున్న పిల్ల భయపడేలా దీన్ని గట్టిగా పలకాలి.

ఇప్పుడు ఆ చివరి సంభాషణ చదువుతాను. గొంతు పెంచుతాను. ముందు వరసలో పిల్లలున్నారు, కాస్త దగ్గరికి తీసుకోండి.