విండోస్ సర్వర్ ఫైళ్లు లినక్స్ మెషీన్లకి: ఏడీ, ఎన్ఎఫ్ఎస్ జోడీ ఎలా ఉంది?

అందరికీ నమస్తే. ఇక్కడ బెంగళూరులో సిస్టమ్ అడ్మిన్ పని చేసే మన తెలుగువాళ్లు, మారతహళ్లి పీజీల్లో ఉండే కొత్త కుర్రాళ్ల దగ్గర్నుంచి వైట్‌ఫీల్డ్‌లో టీమ్‌లు నడిపేవాళ్ల దాకా, నన్ను అడిగేది ఒకటే: ఫైళ్లన్నీ విండోస్ సర్వర్‌లో ఉన్నాయి, డెవలపర్లేమో లినక్స్ మీద ఉన్నారు, ఒకే లాగిన్‌తో అందరికీ ఇవ్వొచ్చా అని. ఇవ్వొచ్చండి, కంపెనీ లాగిన్లన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ), నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్ కలిపి వాడితే. విండోస్ సర్వర్‌లోనే సర్వర్ ఫర్ ఎన్ఎఫ్ఎస్ ఉంది, విడిగా కొనక్కర్లేదు, 2012 నుంచి ఎన్ఎఫ్ఎస్ 4.1 కూడా వచ్చింది.

స్క్రీన్ చూడండి. లినక్స్‌లో షేర్ మౌంట్ చేసి, అంటే సర్వర్ ఫోల్డర్‌ని తగిలించి, ఫైళ్లు, వాటి ఓనర్లు చూపే ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టాను. ఓనర్ పేరు ఉండాల్సిన చోట 4294967294 అని పడింది చూశారా? అది నిజానికి మైనస్ రెండు, అంటే ఈ మనిషెవరో తెలియట్లేదని సర్వర్ చెప్తోంది. విండోస్ మనిషిని ఎస్ఐడీ అనే సెక్యూరిటీ ఐడీతో గుర్తుపడుతుంది, లినక్స్ యూజర్ ఐడీ, అదే యూఐడీ నంబరుతో. ఆ రెండూ ఒక్కరివేనని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, ఆ చోటు యాక్టివ్ డైరెక్టరీ అయితేనే మేలు. మెషీన్‌కో ఫైలు పెట్టుకుంటే ఉద్యోగం మానేసినవాళ్ల నంబర్లు కూడా అలాగే పడుంటాయి. యూజర్‌కి యూఐడీ నంబర్, గ్రూపుకి జీఐడీ నంబర్ ఏడీలోని అట్రిబ్యూట్ ఎడిటర్‌లో నింపండి. పాత యూనిక్స్ అట్రిబ్యూట్స్ ట్యాబ్ కోసం వెతక్కండి, 2016లో తీసేశారు, ఫీల్డులు మాత్రం ఉన్నాయి. తర్వాత ఎన్ఎఫ్ఎస్ సెట్టింగుల్లో ఏడీ లుకప్ ఆన్ చేయాలి.

ఎక్కువమంది ఇరుక్కునేది లినక్స్ వైపే. లినక్స్‌ని ఏడీ లాగిన్లతో కలిపే ఎస్ఎస్ఎస్‌డీ మామూలుగా ఏడీలో మీరు రాసిన నంబరు చూడదు, ఎస్ఐడీ నుంచి తనే ఒకటి తయారుచేసుకుంటుంది. మీరు 10001 అని రాస్తే అక్కడ ఇంకేదో పెద్ద నంబరు వస్తుంది, పర్మిషన్లన్నీ గల్లంతు. ఎస్ఎస్ఎస్‌డీ సెట్టింగుల్లో ఎల్డాప్ ఐడీ మ్యాపింగ్‌ని ఫాల్స్ చేసి, పాత క్యాష్ తుడిచి, దాన్ని రీస్టార్ట్ చేయండి.

ఇక సెక్యూరిటీ, దీని మీద నేను రాజీపడను. మౌంట్‌లో సెక్ ఈక్వల్ టు సిస్ పెడితే క్లయింట్ ఏ నంబరు చెబితే సర్వర్ అదే నమ్ముతుంది. ల్యాప్‌టాప్‌లో రూట్, అంటే పూర్తి అధికారం, ఉన్నవాడెవడైనా పక్కవాడి నంబరు వేసుకుని ఫైళ్లు చదివేయొచ్చు. అందుకే మనిషెవరో టికెట్లతో రుజువు చేసే కెర్బరోస్ పెట్టండి, అందులో కేఆర్‌బీ5పీ రకం అయితే డేటా దారిలో ఎన్‌క్రిప్ట్ కూడా అవుతుంది. కెర్బరోస్ పనిచేయాలంటే ఐపీ అడ్రస్‌తో కాకుండా సర్వర్ పూర్తి పేరుతో మౌంట్ చేయండి, గడియారాలు ఐదు నిమిషాలకు మించి తేడా రాకుండా చూసుకోండి. పని త్వరగా అవుతుందని, ఏడీలో జత లేనివాళ్లని కూడా రానిచ్చే అన్‌మ్యాప్డ్ యాక్సెస్ టిక్కు మాత్రం పెట్టొద్దు.

నాకు నచ్చనిది ఒకటుంది. కెర్బరోస్ టికెట్ మామూలుగా పది గంటలే, రాత్రి నడిచే బ్యాకప్ స్క్రిప్టులు మధ్యలో ఆగిపోతాయి. వాటికి మనుషుల లాగిన్ వాడకుండా సర్వీస్ అకౌంట్, దాని కీ దాచే కీట్యాబ్ ఫైలు విడిగా ఇవ్వండి. లినక్స్ మెషీన్లు మీ దగ్గర రెండో మూడో ఉంటే ఇంత టెన్షన్ అక్కర్లేదు, విండోస్ సొంత ఫైల్ షేరింగ్ అయిన ఎస్ఎంబీతో మౌంట్ సరిపోతుంది.