ఆ అరుపులు లేకపోతే ఈ ఆల్బమ్ లేదు: చీప్ ట్రిక్ ‘ఎట్ బుడోకాన్’ రివ్యూ

నమస్తే అండీ. చీప్ ట్రిక్ అనే రాక్ బ్యాండ్ లైవ్ ఆల్బమ్ ‘ఎట్ బుడోకాన్’ ప్లే చేయగానే పాటకన్నా ముందు మీ చెవిలో పడేవి అరుపులు. ఎక్కువగా ఆడపిల్లల గొంతులే, వేలల్లో, ఆగకుండా. నేను మొదటిసారి విన్నప్పుడు రికార్డింగే పాడైందనుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను కూడా. ఏం పాడవలేదు. అది అంతే.

బ్యాండ్ పేరు చీప్ ట్రిక్. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం, రాక్‌ఫర్డ్ అనే ఊరు వీళ్లది. ఈ ఆల్బమ్ చేసినప్పుడు నలుగురు. పాడేది రాబిన్ జాండర్, గిటార్ రిక్ నీల్సన్, బేస్ టామ్ పీటర్సన్, డ్రమ్స్ బన్ ఇ. కార్లోస్. జాండర్, పీటర్సన్ ఇద్దరూ సినిమా హీరోల్లా ఉంటారు. నీల్సన్ టోపీ పెట్టుకుని క్లాసులో అల్లరి పిల్లాడిలా గెంతుతుంటాడు. ఇక కార్లోస్‌ని చూస్తే, టై కట్టుకుని ఆఫీసులో లెక్కలు రాసుకునే గుమాస్తా దారి తప్పి డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడా అనిపిస్తుంది.

1978 నాటికి సొంత దేశంలో వీళ్లది ఎక్కువగా వేరే పెద్ద బ్యాండ్‌ల షోలకి ముందు వాయించే బతుకే. జపాన్‌లో మాత్రం స్టార్లు. ఆ ఏప్రిల్‌లో టోక్యోలోని నిప్పాన్ బుడోకాన్‌లో వాయించారు. 1964 ఒలింపిక్స్‌లో జూడో పోటీల కోసం కట్టిన హాలు అది. 1966లో బీటిల్స్ అక్కడ వాయించాక రాక్ బ్యాండ్‌లకి అదొక మెట్టు అయిపోయింది.

అసలు తమాషా ఏంటంటే, ఈ ఆల్బమ్ అమెరికా కోసం చేసింది కాదు. జపాన్ అభిమానుల కోసమే చేసి, 1978 అక్టోబర్‌లో అక్కడ మాత్రమే విడుదల చేశారు. కానీ అమెరికాలో జనం ఎక్కువ డబ్బులు పెట్టి జపాన్ కాపీలు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. రేడియోల్లో కూడా మోగింది. చివరికి 1979 ఫిబ్రవరిలో వీళ్ల రికార్డు కంపెనీ ఎపిక్ రికార్డ్స్ దీన్ని అమెరికాలోనూ విడుదల చేయాల్సి వచ్చింది. అమెరికాలో ఆల్బమ్‌లకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్ట్‌లో 4వ స్థానం దాకా వెళ్లింది. ఇది ఎంతకీ తగ్గకపోవడంతో, తర్వాత రావాల్సిన ‘డ్రీమ్ పోలీస్’ ఆల్బమ్‌నే వెనక్కి జరిపారు.

ఇప్పుడు అసలు పాట దగ్గరికి వద్దాం: ‘ఐ వాంట్ యూ టు వాంట్ మీ’. దీని స్టూడియో వెర్షన్ 1977లో వచ్చిన ‘ఇన్ కలర్’ ఆల్బమ్‌లో ఉంది. దయచేసి ముందు అది వినండి. పియానో టింగుటింగుమంటూ, పాత కాలం నాటకాల మధ్యలో వచ్చే సరదా పాటలా ఉంటుంది. బాగుంటుంది, కానీ పళ్లు లేని పాట. అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత బుడోకాన్ వెర్షన్ పెట్టండి. పియానో లేదు. వేగం పెరిగింది, గిటార్ ముందుకొచ్చింది. కార్లోస్ కొట్టే దెబ్బ... పాట వేస్తే కాపీరైట్ వల్ల నా వీడియో ఎగిరిపోతుంది కాబట్టి టేబుల్ మీదే కొడుతున్నాను, సర్దుకోండి.

ఆ తర్వాత, నువ్వు ఏడవడం నేను చూడలేదా అని జాండర్ అడిగే లైన్ వస్తుంది. అతను ‘క్రయింగ్’ అనగానే హాలంతా ‘క్రయింగ్, క్రయింగ్’ అని తిరిగి అరుస్తుంది. ఎవరూ అడగలేదు, వాళ్లంతట వాళ్లే అందుకున్నారు. మన బెనిఫిట్ షోలో డైలాగ్ సగంలో ఉండగానే వెనక వరసల వాళ్లు పూర్తి చేస్తారు చూడండి, అలాగన్నమాట. స్టూడియో పాటలో తక్కువైంది అదే. అవతలి మనిషి జవాబు. నన్ను కోరుకో అని బతిమాలే పాటకి, కోరుకుంటున్నాం అని అరిచేవాళ్లు దొరికారు. ఈ వెర్షన్‌ని సింగిల్‌గా, అంటే ఒక్క పాటగా విడిగా వదిలితే అమెరికా చార్ట్‌లో 7వ స్థానానికి వెళ్లింది. ఇప్పటికీ చాలామందికి పాట అంటే ఇదే, స్టూడియోది కాదు.

‘సరెండర్’ గురించి కూడా చెప్పాలి. అమ్మానాన్నలు చాదస్తులు అనుకునే కుర్రాడు రాత్రి లేచి చూస్తే, వాళ్లే తన ‘కిస్’ అనే రాక్ బ్యాండ్ రికార్డులు పెట్టుకుని హాల్లో ఎంజాయ్ చేస్తుంటారు. టీనేజ్ పాటల్లో పెద్దవాళ్లని ఎప్పుడూ విలన్లని చేస్తారు కదా, ఇక్కడ జోక్ పిల్లాడి మీదే. జాండర్ దాన్ని కొత్త ఆల్బమ్‌లో మొదటి పాట అని చెప్పి మొదలుపెడతాడు. అప్పటికి ఇంకా తాజా పాట. అయినా ఏళ్ల తరబడి వాయిస్తున్నట్టు ధీమాగా ఉంటుంది.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. ‘నీడ్ యువర్ లవ్’ తొమ్మిది నిమిషాలు. మొదట్లో ఆ బరువైన నెమ్మది బాగుంటుంది, నాలుగైదు నిమిషాల తర్వాత నేనైతే ఫోన్ చూసుకున్నాను. గాయకుడు ఫాట్స్ డొమినో పాత హిట్ ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ మాత్రం దీనికి పూర్తిగా వేరు, మొదలయ్యే ముందు ఊరించి ఊరించి చంపుతారు. అలాగే మిక్సింగ్‌లో అరుపుల్ని చాలా పైకి పెట్టారు. చిన్న స్పీకర్‌లో వింటే కొన్నిచోట్ల బేస్ పూర్తిగా మునిగిపోతుంది. కారులోనో, మంచి హెడ్‌ఫోన్స్‌లోనో వినండి.

ఏ ఎడిషన్ కొనాలని అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. పాత ఎల్‌పీలో, అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డులో, 10 పాటలే. 1998లో వచ్చిన ‘ది కంప్లీట్ కాన్సర్ట్’లో 19 పాటలు, షో నడిచిన వరసలోనే ఉంటాయి. అది విన్నాక తెలిసింది, ఎల్‌పీ కోసం వరస బాగానే మార్చారని. ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ షో చివర్లో జనం వెనక్కి పిలిస్తే వచ్చి వాయించిన పాట. ఎల్‌పీలో రెండో వైపు అదే మొదలు. నిజం చెప్పాలంటే నాకు ఆ కత్తిరించిన ఎల్‌పీయే ఇష్టం. రెండు వైపులూ ఊపిరి ఆడనివ్వవు. పూర్తి షో తర్వాత, పిచ్చి పట్టాక వినండి.

ఇంకో చిన్న సంగతి. మొదటి పాట ‘హలో దేర్’ మూడు నిమిషాలు కూడా ఉండదు, రెడీయా అని జనాన్ని అడిగేసి అయిపోతుంది. చివర్లో అదే ట్యూన్ మాటలు మార్చుకుని ‘గుడ్‌నైట్’ అయి వస్తుంది. నేను మొదటిసారి అక్కడితో అయిపోయిందనుకుని హెడ్‌ఫోన్స్ తీసేశాను. మీరు తీయకండి. అరుపులు ఇంకా ఆగలేదు, వెనకాలే ‘క్లాక్ స్ట్రైక్స్ టెన్’ ఉంది.